కన్యాశుల్కం రాసిన మాస్టారు – గురజాడ అప్పారావు

సాయంత్రం పూట గోల్‌బజార్‌లో కూరలు కొనడానికి వెళ్తే ఒకే వరసలో నాలుగు భాషలు వినిపిస్తాయి. బెంగాలీ, హిందీ, ఒడియా, తెలుగు. ఆ తెలుగులో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం వైపుది. బెంగాల్ నాగపూర్ రైల్వే వారు ఖరగ్‌పూర్‌లో స్టేషను, వర్క్‌షాపు కట్టుకుంటూ వచ్చిన రోజుల నుంచి ఆ జిల్లాల జనం పని కోసం ఇక్కడికి వస్తూనే ఉన్నారు. మా ఇంట్లో కూడా ఏమిటి అనం, ఏటి అంటాం. సెలవులకు వెళ్ళినప్పుడు వేరే ఊళ్ళ చుట్టాల పిల్లలు ఆ ఏటి విని నవ్వుతారు. టీవీలో మాట్లాడేదే సరైన తెలుగు అని వాళ్ళ నమ్మకం. కొన్నాళ్ళు నేనూ అలాగే అనుకుని, వాళ్ళ ముందు నోరు విప్పడం తగ్గించేశాను.

ఇంగ్లీషు పిరియడ్‌లో షేక్స్‌పియర్ మీద ప్రాజెక్టు చేస్తున్నప్పుడు, తెలుగులో అంత పేరున్న నాటకం రాసినవారు ఎవరని ఇంట్లో అడిగాను. అమ్మమ్మ వెంటనే గురజాడ వారి పేరు చెప్పింది. ఆయన మన వైపు మనిషే, ఆ నాటకంలో మన మాటే ఉంటుంది అని కూడా చెప్పింది. ఆ మాట కోసమే ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను.

గురజాడ వెంకట అప్పారావు గారు 1862 సెప్టెంబరు 21న విశాఖపట్నం జిల్లా ఎలమంచిలి దగ్గర రాయవరంలో, మేనమామ గారి ఇంట పుట్టారు. తండ్రి వెంకట రామదాసు గారు, తల్లి కౌసల్యమ్మ గారు. తండ్రిది విజయనగరం సంస్థానంలో ఉద్యోగం. ఆయన పని చీపురుపల్లిలో కావడంతో పిల్లవాడి మొదటి చదువు అక్కడే సాగింది. మనలో చాలామంది లాగే ఆయన కూడా నాన్న ఉద్యోగం ఎక్కడుంటే అక్కడి బడిలో చదువుకున్న పిల్లవాడన్నమాట. ఖరగ్‌పూర్ నుంచి విశాఖ వైపు రైల్లో వెళ్ళేవాళ్ళకు శ్రీకాకుళం రోడ్డు దాటాక చీపురుపల్లి, ఆ తర్వాత విజయనగరం తగులుతాయి. అప్పట్లో ఆ రైలు మార్గం లేదు. ఎడ్లబళ్ళే దిక్కు.

తరువాత చదువు కోసం విజయనగరం వచ్చారు. తండ్రి చనిపోవడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. అప్పుడు మహారాజా కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి గారు ఆ కుర్రవాడి తెలివి చూసి తన ఇంట్లోనే ఉంచుకుని తిండి పెట్టి చదివించారు. ఒక మాస్టారు పెట్టిన అన్నం ఎంత దూరం పోయిందో ఇప్పుడు వెనక్కి చూస్తే తెలుస్తుంది. అప్పారావు గారు 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ. పూర్తి చేసి, ఆ ఏడే నెలకు 25 రూపాయల జీతం మీద బడిపంతులుగా చేరారు. 1885లో అప్పల నరసమ్మ గారితో పెళ్ళయింది. 1886లో బి.ఏ. అయ్యాక కొద్దికాలం డిప్యూటీ కలెక్టరు ఆఫీసులో హెడ్ క్లర్కుగా పనిచేసి, మళ్ళీ తన కాలేజీకే లెక్చరరుగా వచ్చేశారు. ఇంగ్లీషు వ్యాకరణం, సంస్కృత సాహిత్యం, గ్రీకు రోమన్ చరిత్రలు చెప్పేవారు.

ఇక్కడ మన బెంగాల్ సంగతి ఒకటి ఉంది. అప్పారావు గారు మొదట కవిత్వం రాసింది తెలుగులో కాదు, ఇంగ్లీషులో. చదువుకునే రోజుల్లో, 1883లో, సారంగధరుడి కథను ఇంగ్లీషు పద్యంగా రాస్తే ఒక పత్రికలో అచ్చయింది. కలకత్తాలో రయిస్ అండ్ రయ్యత్ అనే పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ గారు దాన్ని చూసి మెచ్చుకుని తన పత్రికలో మళ్ళీ వేశారు. అక్కడితో ఆగకుండా ఒక సలహా కూడా ఇచ్చారు. ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా అది పరాయి భాషే, సొంత భాషలో రాస్తేనే నీలో ఉన్నది పూర్తిగా బయటికి వస్తుందని దాని సారాంశం. ఆ పెద్దమనిషికి తెలుగు రాదు. ఒక బెంగాలీ సంపాదకుడు ఒక తెలుగు కుర్రవాణ్ణి తెలుగులో రాయమని చెప్పడం నాకు చాలా నచ్చిన విషయం.

విజయనగరం మహారాజు ఆనంద గజపతి గారికి పండితులన్నా, నాటకాలన్నా ఇష్టం. అప్పారావు గారంటే మరీ గురి. ఆ రోజుల్లో కొన్ని కుటుంబాల్లో కన్యాశుల్కం అనే ఆచారం ఉండేది. ఇప్పుడు మనం వినే వరకట్నానికి ఇది తలకిందులు. పెళ్ళికొడుకు పిల్ల తండ్రికి డబ్బు ఇవ్వాలి. డబ్బు ఎవరి దగ్గర ఎక్కువుంటుంది? ముసలివాళ్ళ దగ్గర. అందుకని అరవై దాటినవాళ్ళకు ఆరేళ్ళ, ఎనిమిదేళ్ళ పిల్లలను కట్టబెట్టేవారు. పెళ్ళికొడుకు కొన్నాళ్ళకు పోతే ఆ పిల్ల జీవితాంతం వితంతువు. మంచి బట్ట లేదు, పువ్వు లేదు, మళ్ళీ పెళ్ళి లేదు. గోదావరి జిల్లాలో కందుకూరి వీరేశలింగం గారు ఇలాంటి పిల్లల కోసమే పోరాడి, 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు.

విశాఖపట్నం జిల్లాలో ఈ శుల్కం పెళ్ళిళ్ళు ఎన్ని జరుగుతున్నాయో మహారాజు గారు లెక్క తీయించారు. ఆ లెక్క అప్పారావు గారు తన నాటకం ముందుమాటలో ఇచ్చారు. మూడేళ్ళలో నమోదైనవి 1,034 పెళ్ళిళ్ళు. అందులో ఐదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు 6, ఏడాది పిల్లలు 3. ఏడాది పిల్ల ధర 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలు మొదటిసారి చదివినప్పుడు మా ఇంట్లో ఎల్‌కేజీ చదివే మా చెల్లి నా పక్కనే కూర్చుని బొమ్మకు రంగులు వేస్తోంది. దానికి ఐదేళ్ళు నిండలేదు. బడిపంతులు నెల జీతం 25 రూపాయలైన కాలంలో 400 అంటే ఎంతో మీరే లెక్క వేసుకోండి.

ఈ ఆచారం ఆపాలని మహారాజు గారు చట్టం కోసం ప్రయత్నించారు. అది కుదరలేదు. అప్పారావు గారు నాటకం రాశారు. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడినప్పుడు జనం విరగబడి చూశారట. 1897లో మద్రాసులో పుస్తకంగా అచ్చయింది. దాన్ని ఆయన ఆనంద గజపతి గారికి అంకితం ఇచ్చారు. మహారాజు గారు ఆ ఏడాదే కన్నుమూశారు.

ఇంత బాధ కలిగించే విషయం కదా, నాటకం కూడా ఏడుపుగా ఉంటుందని అనుకున్నాను. కానే కాదు. మొదటి నుంచి చివరిదాకా నవ్వే. కథ ఇలా మొదలవుతుంది. గిరీశం అని ఒకడున్నాడు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు, నలభై గొప్పలు. ఊళ్ళో అందరికీ అప్పులు. ఆ అప్పులవాళ్ళను తప్పించుకోవడానికి తన శిష్యుడు వెంకటేశానికి సెలవుల్లో చదువు చెబుతానని వాళ్ళ ఊరు కృష్ణరాయపురం అగ్రహారానికి బయలుదేరతాడు. శిష్యుడేమో పరీక్ష తప్పాడు. ఆ పరీక్ష తప్పిన శిష్యుణ్ణి గురువు గారు ప్రేమగా షేక్స్‌పియర్ అని పిలుస్తుంటాడు! మా ప్రాజెక్టు చేసేటప్పుడు ఇది తెలిసి ఉంటే మొదటి పేజీలోనే రాసేవాణ్ణి.

అగ్రహారంలో వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధానులు. ముక్కు మీద కోపం. కొడుకు ఇంగ్లీషు చదువుకు ఖర్చవుతోందని గోల. మా వాడికి ఇంగ్లీషు ఏమాత్రం వచ్చిందో చూద్దాం, ఇద్దరూ మాట్లాడండి అంటే, గురుశిష్యులు చిన్నపిల్లల నక్షత్రాల పాట, పాఠం పుస్తకంలోని ముక్కలు అందుకుని గంభీరంగా ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. పెద్దవాళ్ళు విని మురిసిపోతారు. మన ఇళ్ళలో చుట్టాలు వచ్చినప్పుడు రైమ్ చెప్పమని చిన్నపిల్లలను నిలబెట్టడం గుర్తుకొచ్చి ఇంట్లో అందరం నవ్వాం.

అవధానులుకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయి బుచ్చమ్మ చిన్నతనంలోనే వితంతువైంది. అయినా ఆయనకు బుద్ధి రాలేదు. రెండో పిల్ల సుబ్బిని లుబ్ధావధాన్లు అనే ముసలి పిసినారికి డబ్బు పుచ్చుకుని ఇచ్చేందుకు ఒప్పుకుంటాడు. తల్లి ఏడ్చి మొత్తుకున్నా వినడు. అప్పుడు పిల్లల మేనమామ కరటక శాస్త్రి ఒక ఎత్తు వేస్తాడు. ఆయన నాటకాల మనిషి. తన శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం వేసి, తక్కువ డబ్బుకే ఇస్తానని ఆశ పెట్టి, ఆ ముసలాయనకు ముందే పెళ్ళి చేసేస్తాడు. పెళ్ళయ్యాక కొత్త కోడలు మాయం. ఆ తర్వాత పోలీసులు, కోర్టు, దొంగ సాక్ష్యాలు, వకీళ్ళు, అంతా గందరగోళం.

ఈ గందరగోళం మధ్య నిలబడి అందరినీ ఆడించేది మధురవాణి. పుట్టుక వల్ల సంఘం ఆమెను చిన్నచూపు చూస్తుంది. కానీ నాటకంలో అందరికన్నా తెలివి, చదువు, జాలి ఉన్నది ఆమెకే. చిన్నపిల్ల సుబ్బిని కాపాడాలని కరటక శాస్త్రికి సాయం చేస్తుంది. చివర్లో మారువేషంలో వెళ్ళి గిరీశం బండారం బయటపెట్టేది కూడా ఆమే. గిరీశం వితంతువుల పెళ్ళిళ్ళ మీద లెక్చర్లు దంచేవాడే, బుచ్చమ్మను లేవదీసుకుపోయినవాడే. అతని మాటలు మంచివే, మనసు మంచిది కాదు. బుచ్చమ్మను మంచివాడైన వకీలు సౌజన్యారావు పంతులు వితంతువుల శరణాలయానికి పంపిస్తాడు. అక్కడ ఆమె చదువుకుంటుంది. గిరీశానికి పెళ్ళీ లేదు, ఆస్తీ లేదు. గురజాడ వారు పాత ఆచారాలు పట్టుకున్నవాళ్ళను ఎంత ఆటపట్టించారో, సంస్కర్తల వేషం వేసుకున్నవాళ్ళనూ అంతే ఆటపట్టించారు. చాలామంది ఈ నాటకాన్ని సంఘ సంస్కరణ నాటకం అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు గానీ, నాకైతే అది సరిపోదనిపిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద సాహసం భాషలో ఉంది. అప్పట్లో తెలుగులో పుస్తకం అంటే గ్రాంథికంలోనే ఉండాలి. ఎవరూ ఇంట్లో మాట్లాడని భాష అది. గురజాడ వారు ఎవరు మాట్లాడే తీరులో వాళ్ళ చేత మాట్లాడించారు. అవధానులుది అగ్రహారపు మాట. గిరీశానిది సగం ఇంగ్లీషు. కానిస్టేబులుది ఒక రకం, బైరాగిది ఇంకో రకం. ఉత్తరాంధ్ర యాస యాసగానే పుస్తకంలోకి ఎక్కింది. ఈ నాటకం చదివేటప్పుడు కొన్ని మాటలకు నేను అర్థం అడగనక్కరలేకపోయింది. అమ్మమ్మ రోజూ అనే మాటలే అవి. షేక్స్‌పియర్ కూడా హామ్లెట్‌లో రాజకుమారుడి చేత ఒక రకంగా, గోతులు తవ్వేవాళ్ళ చేత ఇంకో రకంగా మాట్లాడించారని మా మేడమ్ చెప్పారు. షేక్స్‌పియర్‌వి దాదాపు 37 నాటకాలు. గురజాడ వారు పూర్తి చేసింది ఒక్కటే. కొండుభట్టీయం, బిల్హణీయం మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. ఆ ఒక్కదాన్నీ మాత్రం వదల్లేదు. 1909లో ఏడు అంకాలతో, బాగా పెంచి మళ్ళీ అచ్చు వేశారు. అది దాదాపు కొత్త నాటకమే. ఇప్పుడు మనం చదివేది, ఆడేది ఆ రెండో కూర్పునే.

ఈ పన్నెండేళ్ళూ ఆయన తీరిగ్గా కూర్చుని రాసుకున్నారని అనుకోకండి. ఆనంద గజపతి గారు పోయాక ఆయన సోదరి, రీవా మహారాణి గారికి కార్యదర్శిగా ఉన్నారు. సంస్థానం ఆస్తి గురించి పెద్ద వ్యాజ్యం. కోర్టు కాగితాలు, ప్రయాణాలు ఏళ్ళ తరబడి సాగాయి. దానికి తోడు ఆరోగ్యం అంతంతమాత్రం. ఆ మధ్యలోనే పాత శాసనాలు చదివి కళింగ చరిత్ర పరిశోధన కూడా చేశారు.

1910 ఆయనకు మంచి ఏడాది. ముత్యాల సరాలు అనే కొత్త నడకలో గేయాలు రాశారు. ఆ నడకకు ఆ పేరే స్థిరపడిపోయింది. ముసలివాడికి ఇచ్చి పెళ్ళి చేస్తుంటే కోనేటిలో కలిసిపోయిన పూర్ణమ్మ కథ చెప్పే గేయం అమ్మమ్మకు కంఠతా వచ్చు. పాడుతూ పాడుతూ మధ్యలో ఆపేస్తుంది, ఎందుకని అడగకూడదు. గ్రీకు దేశపు స్నేహితులు డామన్, పిథియస్‌ల కథను కూడా ఆయన తెలుగు గేయంగా చెప్పారు. దేశభక్తి గేయం మీలో చాలామంది ఆగస్టు 15న విని ఉంటారు. దేశం గొప్పతనం నేలలో కాదు, దాని మీద బతికే మనుషుల్లో ఉందని చెప్పే గేయం అది. దిద్దుబాటు అనే చిన్న కథ కూడా ఆ ఏడాదే వచ్చింది. రాత్రిళ్ళు ఆలస్యంగా ఇంటికి వచ్చే మొగుడికి భార్య కమలిని తెలివిగా బుద్ధి చెప్పే కథ. తెలుగులో మొదటి ఆధునిక కథ ఇదేనని చాలా పుస్తకాల్లో రాస్తారు. అంతకు ముందే, 1902లో, భండారు అచ్చమాంబ గారు ధన త్రయోదశి అనే కథ రాశారు కాబట్టి మొదటి గౌరవం ఆమెకే దక్కాలని ఇంకొందరు అంటారు. నాకు రెండో మాటే న్యాయంగా తోస్తుంది.

జీవితం చివర్లో ఆయన చేసిన పోరాటం మనలాంటి విద్యార్థుల గురించే. పిల్లలు పరీక్షల్లో తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలి? మాట్లాడే భాషలోనా, గ్రాంథికంలోనా? ఆయన స్నేహితుడు గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం ఊరూరా తిరిగి వాదించేవారు. గిడుగు వారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, వాళ్ళ కోసం బడులు పెట్టి, నిఘంటువు తయారుచేసిన మనిషి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం. మద్రాసు విశ్వవిద్యాలయం వారు ఈ విషయం తేల్చడానికి వేసిన సంఘంలో అప్పారావు గారు సభ్యులు. అక్కడ ఎక్కువమంది గ్రాంథికం వైపే ఉన్నారు. అప్పారావు గారు ఒప్పుకోలేదు. 1914లో తన అసమ్మతిని ఇంగ్లీషులో ఒక పెద్ద పత్రంగా రాసి ఇచ్చారు. ఎవరూ మాట్లాడని భాషలో రాయమంటే పిల్లవాడు చెప్పదలచుకున్నది చెప్పలేడు, తప్పులకు భయపడి నోరు మూసుకుంటాడు అన్నది ఆయన బాధ. పాత కావ్యాల నుంచి, శాసనాల నుంచి ఎన్నో ఉదాహరణలు చూపించారు.

ఓడిపోయారు. విశ్వవిద్యాలయం గ్రాంథికానికే మొగ్గింది. మరుసటి ఏడాది, 1915 నవంబరు 30న, 53 ఏళ్ళ వయసులో విజయనగరంలో అప్పారావు గారు కన్నుమూశారు. పత్రికలు, కథలు, నవలలు మెల్లమెల్లగా వాడుక భాషలోకి వచ్చాయి. పాఠ్యపుస్తకాలు అందరికన్నా ఆలస్యంగా, కొన్ని దశాబ్దాల తరువాత వచ్చాయి. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ వ్యాసం ఆయన గెలవకుండా పోయిన భాషలోనే ఉంది.

నాటకం మాత్రం ఆగలేదు. 1955లో పి. పుల్లయ్య గారి దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. గిరీశంగా ఎన్.టి. రామారావు గారు, మధురవాణిగా సావిత్రి గారు. శంకరాభరణం సినిమాలో శంకరశాస్త్రిగా వేసిన జె.వి. సోమయాజులు గారు, ఆయన తమ్ముడు రమణమూర్తి గారు ఈ నాటకాన్ని ఏళ్ళ తరబడి ఊరూరా ఆడారు. రమణమూర్తి గారి గిరీశం పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2007లో వెల్చేరు నారాయణరావు గారు చేసిన ఇంగ్లీషు అనువాదం అమెరికాలో అచ్చయింది. గిరీశం ఇంగ్లీషును ఇంగ్లీషులో ఎలా చూపించారో అది దొరికితే చూడాలని ఉంది. మొత్తం నాటకం ఆడితే ఒక్క రాత్రి చాలదు, అందుకని ఎక్కువగా ముక్కలు ఎంచుకుని ఆడతారు. ఇంగ్లీషు దొర్లించే ఆ సంభాషణ ఉన్న అంకం మన వార్షికోత్సవానికి సరిగ్గా సరిపోతుందని నా ఉద్దేశం. వెంకటేశం వేషానికి మా క్లాసులో పోటీ తప్పదు.

విజయనగరంలో ఆయన ఉన్న ఇల్లు ఇప్పటికీ ఉంది. అందులో గ్రంథాలయం నడుస్తోంది. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయానికి కూడా ఆయన పేరే పెట్టారు. ఈ వేసవిలో రైలు దిగాక ముందు ఆ ఇంటికి తీసుకెళ్తానని నాన్న మాట ఇచ్చారు. నాకన్నా ముందు అమ్మమ్మ చీరలు సర్దేసుకుంది. ఏటి, ఇంకా టికెట్లు తియ్యలేదా అని రోజూ నాన్నను అడుగుతోంది.